సుగుణమ్మ చూసినంత మేరకు

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపు పైన గంగమణి ఆఫీసు. బోర్డు మీద డిటెక్టివ్ ఏజెన్సీ అని ఉంటుంది గానీ వచ్చే పని చాలావరకు పెళ్లి సంబంధాల వాకబే. అబ్బాయి తాగుతాడా, చెప్పుకున్న ఉద్యోగం నిజంగా ఉందా, ఇంతవరకే. అసిస్టెంట్ రాజ్‌కుమార్‌కు మాత్రం గంగమణి అక్కను మించిన బుర్ర జిల్లాలోనే లేదని గట్టి నమ్మకం. ఆ సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంటాడు.

ఆ ఉదయం వచ్చిన మనిషి పేరు యాకూబు. ఎల్లారెడ్డి దగ్గరి పల్లెలో కూలిపని చేస్తాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. భుజం మీది తువ్వాలను రెండు చేతులతో పిండుతూ నిలబడ్డాడు.

"నా బిడ్డను జైలుకు తోలుతున్నరమ్మా," అన్నాడు.

అతని కూతురు కృపాజ్యోతి నర్సు ట్రైనింగు సగంలో ఆపేసిన పిల్ల. ఊళ్లో పెద్ద రైతు పోచయ్య భార్య సుగుణమ్మకు పక్షవాతం వస్తే, ఆమెను చూసుకోవడానికి పనికి కుదిరింది. ఒక మధ్యాహ్నం కృప ఇద్దరికీ చాయ్ ఇచ్చి బట్టలు ఉతకడానికి పెరట్లోకి వెళ్లింది. పోచయ్య నిద్రలేచి ఆ చాయ్ తాగి, వాంతులు చేసుకుని, ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. చాయ్‌లో పురుగుల మందు ఉందని రిపోర్టు వచ్చింది. రేపు వచ్చి లొంగిపొమ్మని పోలీసులు కృపకు చెప్పారు.

ఎందుకు కృపనే పట్టుకున్నారని గంగమణి అడిగింది. అదే గదిలో సుగుణమ్మ మెలకువగా ఉందట. కృప తప్ప ఇంకెవరూ గదిలోకి రాలేదని ఆమె ఎస్సైకి చెప్పిందట.

"ముసలామెకు నీ బిడ్డ మీద కోపమా అన్నా?"

"కోపమా? పానం పెట్టుకున్నదమ్మా నా బిడ్డ మీద. సుగుణమ్మ అబద్ధం చెప్పదు, ఊరంత ఎరుక. నా బిడ్డ గసొంటి పని చెయ్యది. రెండూ నిజాలే. గందుకే నాకు ఏం తోస్తలేదు."

గంగమణి కళ్లజోడు తీసి తుడుచుకుంది. అబద్ధాలాడే సాక్షులంటే ఆమెకు ఇష్టం, ఎక్కడో ఒకచోట దొరికిపోతారు కాబట్టి. నిజం చెప్పే సాక్షితో పడలేం. కేసు మనసుకు నచ్చలేదు, అయినా కారు తాళాలు తీసుకుంది.

ఎల్లారెడ్డి రోడ్డు మీద సగం మేర మక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగంలోనే బస్సులూ ట్రాక్టర్లూ సర్దుకుంటున్నాయి. పోచయ్య ఇంటికి చేరేసరికి అన్నాల వేళయింది. కోడలు నిహారిక ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్లింది. పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్లిపోవడంతో ఇల్లు బోసిగా ఉంది.

సుగుణమ్మది పెద్ద గది. దక్షిణం గోడకు గుమ్మం. గుమ్మం దగ్గర పోచయ్య మంచం, ఇప్పుడు పరుపు చుట్టేసి ఉంది. దాని పక్కన సుగుణమ్మ మంచం, ఉత్తరం వైపు కిటికీ. ఆమె తూర్పుకు తల పెట్టి దిండ్లకు ఆనుకుని ఉంది. గుమ్మమూ మొగుడి మంచమూ ఆమెకు ఎడమ పక్క, కిటికీ కుడి పక్క. గంగమణి అలవాటుగా గోడలు చూసింది. పడమటి గోడకు, సరిగ్గా ఆమె పాదాల దగ్గర, తల నూనె మరక నల్లగా అంటుకుని ఉంది.

గంగమణి కిటికీ వైపు కూర్చుని అడిగింది. సుగుణమ్మ మాట స్పష్టంగా ఉంది, జ్ఞాపకం చక్కగా ఉంది. ఆ మధ్యాహ్నం ఏం కూర తిన్నదీ, కృప ఏ రంగు చున్నీ వేసుకున్నదీ చెప్పింది. కృప పోచయ్య చాయ్ గ్లాసు స్టూలు మీద పెట్టి మూత పెట్టిన సంగతి ఆమెకు తెలియదు గానీ, కిటికీ పక్క కూర్చుని తనకు చాయ్ తాపిన సంగతి బాగా తెలుసు. తర్వాత చెప్పుల చప్పుడు విన్నదట. కృపే తిరుగుతున్నదనుకుందట.

"కృప తప్ప పురుగు గూడ రాలేదు బిడ్డా. ఆ పిల్ల మంచిదే. మరి నేను చూసింది చెప్పాలె గద," అని కంటనీరు పెట్టుకుంది. కాసేపటికి గొంతు తగ్గించి ఇంకో బాధ చెప్పుకుంది. "నా కొడుకు నా మొకమే చూస్తలేడు. మంచాన పడ్డంక ఒక్కనాడు నా దగ్గర కూసోలేదు."

బయటికి వచ్చాక నిహారిక సిగ్గుపడింది. భర్త నరేందర్ రోజూ పొద్దున తల్లి గదిలో గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంటాడనీ, వాడకట్టులో అందరూ చూస్తారనీ చెప్పింది. అత్తమ్మది ముసలితనపు చాదస్తమని సర్దేసింది. మరి మిగతా జ్ఞాపకమంతా అంత బాగుందేమని గంగమణి అంటే, అన్నం వడ్డించాలంటూ వంటింట్లోకి వెళ్లింది.

అంతలో సుగుణమ్మకు అన్నం వచ్చింది. ఆమె తిని, ఈ ఇంట్లో తనకు కడుపునిండా పెట్టడం లేదని ఏడ్చింది. కంచంలో కుడి సగం తుడిచినట్టు ఖాళీ. ఎడమ సగంలో అన్నమూ పప్పూ వేలు పెట్టకుండా అలాగే ఉన్నాయి. రాజ్‌కుమార్ ఏదో అనబోతే గంగమణి కళ్లతోనే ఆపింది. వంగి కంచాన్ని అటుదిటు తిప్పింది. సుగుణమ్మ కళ్లు తుడుచుకుని, ఇప్పుడు పెట్టినవా బిడ్డా అంటూ మిగతాది తినేసింది. ఆమె ఎడమ చేతికి ఆకుపచ్చ గాజులు ఇంకా ఉన్నాయి. కుడి చేయి బోడిగా ఉంది.

మొగుడు పోయిన మనిషికి ఒక చేతికి గాజులేమిటని నిహారికను అడిగింది గంగమణి. నిహారిక చుట్టూ చూసి మెల్లగా చెప్పింది. పెద్దకర్మ నాడు గాజులు తీసే వేళ అత్తమ్మ ఎవరినీ ముట్టనీయలేదట. కుడి చేతిని తనే మంచం పట్టెకు కొట్టుకుని పగలగొట్టుకుందట.

"ఎడమ చేయి పట్టంగనే, 'ఇది నా చెయ్యి కాదు, ఎవలదో తీసుకపోండి' అన్నది. ఆడోళ్లందరు గాలి సోకిందని బెదిరి ఎల్లిపోయిన్రు."

హైదరాబాద్ ఆస్పత్రిలో డాక్టర్ ఏం చెప్పాడని అడిగితే, తనకేం తెలియదనీ, డాక్టర్ మాట్లాడింది నరేందర్‌తోనే అనీ అంది. ఎడమ చెయ్యీ కాలూ మెల్లగా వస్తాయన్నాడని మాత్రం భర్త చెప్పాడట. మంచం ఎప్పుడు తిప్పారన్న ప్రశ్నకు నిహారిక ఆశ్చర్యపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన కొన్నాళ్లకు తిప్పారట. పడమర తల వల్లనే పక్షవాతం వచ్చిందని ఎల్లారెడ్డి వాస్తు ఆయన నరేందర్‌కు చెప్పాడట. వాస్తు అన్నాక ఇంట్లో ఎవరూ ఎదురు మాట్లాడలేదు.

చివరి ప్రశ్న చాయ్ గురించి. పురుగుల మందు గదంతా కంపు కొడుతుంది, పోచయ్య ఎలా తాగాడు? నిహారిక ముందు తటపటాయించింది. ట్రాక్టర్ మీంచి పడి తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి మామయ్యకు వాసన తెలియదట. ఆ సంగతి బయటికి చెప్పనిచ్చేవాడు కాదట. వడ్లు కొనేవాళ్లు వస్తే గుప్పెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకుని తల ఊపేవాడట. కృపకు తెలుసా అంటే, ఇంట్లో ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదంది.

నరేందర్ పొలం నుంచి వచ్చి మర్యాదగా మాట్లాడాడు, చాయ్ కూడా పెట్టించాడు. రాజ్‌కుమార్ దాన్ని ముట్టలేదు. రోడ్డు పక్క మెట్ట చెలకను ప్లాట్లకు ఇవ్వమని తండ్రితో గొడవపడిన మాట నిజమేనన్నాడు. ఆ మధ్యాహ్నం మాత్రం తాను బోరు దగ్గరున్నాడట.

"నమ్మకపోతే అమ్మనే అడుగున్రి. మెలకువగనే ఉన్నది. నేనొస్తే చూడదా?"

సాయంత్రం రాజ్‌కుమార్ ఎల్లారెడ్డి వెళ్లి వాస్తు ఆయనను కలిసి వచ్చాడు. గంగమణి హైదరాబాద్ డాక్టర్‌తో చాలాసేపు ఫోన్లో మాట్లాడి, తర్వాత ఎస్సైకి ఫోన్ చేసింది. ఎస్సై విసుక్కున్నాడు గానీ వస్తానన్నాడు.

మర్నాడు అందరినీ సుగుణమ్మ గదిలోనే కూర్చోబెట్టింది. కిటికీ వైపు, అంటే సుగుణమ్మ కుడి పక్క, యాకూబు, కృప, ఎస్సై. తనూ అటే నిలబడింది. గుమ్మం వైపు నరేందర్, నిహారిక, రాజ్‌కుమార్. కృప మొహం పీక్కుపోయి ఉంది. ఆమెను చూసి సుగుణమ్మ బావురుమంది.

"అవ్వా, ఈ గదిల ఎవరెవరున్నరో చెప్పు," అంది గంగమణి.

"కృప ఉన్నది. వాళ్ల నాయిన ఉన్నడు. పోలీసు సారు. నువ్వు. గంతే."

ఎస్సై కుర్చీలో ముందుకు జరిగాడు. గంగమణి నిహారిక చేత అత్తమ్మా అని పిలిపించింది. సుగుణమ్మ కుడివైపే తల తిప్పి కిటికీ దగ్గర వెతికింది.

"ఈమె కండ్లు మంచిగనే ఉన్నయి సార్. మెదడుల కుడి పక్క దెబ్బ తిన్నది. మన ఎడమ దిక్కు ఏమున్నదో పట్టించుకునే పని ఆ జాగది. అది పోతే ఎడమ పక్క చీకటి అయిపోదు, అసలు ఉన్నదనే తెలవదు. కంచంల సగమన్నం లేదు. సొంత చెయ్యి గూడ లేదు. చప్పుడు వినపడ్డా కుడి దిక్కు నుంచే వచ్చిందనుకుంటది. మాట, జ్ఞాపకం, తెలివి వేరే జాగల ఉంటయి, అవన్ని మంచిగున్నయి. గందుకే మనమందరం నమ్మినం."

పాత పద్ధతిలో మంచం ఉంటే గుమ్మం ఆమెకు కుడి పక్క ఉండేదనీ, వచ్చేవాళ్లంతా కనిపించేవాళ్లనీ చెప్పి, పడమటి గోడ మీది నూనె మరక చూపించింది. వాస్తు ఆయన ఈ ఏడాది ఈ గడప తొక్కలేదు, మంచం సంగతి ఎవరికీ చెప్పలేదు. మంచం తిప్పించినవాడికి ఎడమ పక్క మనిషి ఆమెకు ఉండడని తెలుసు. ఆ జబ్బు గురించి డాక్టర్ చెప్పింది ఒక్కరికే. ఎడమ వైపు ఎవరు నిలబడినా అమ్మకు తెలియదా అని ఆ ఒక్కరే మళ్లీ మళ్లీ అడిగారట. పోచయ్యకు వాసన తెలియదని ఎరగని కృప అంత కంపుకొట్టే మందు ఎంచుకోదు. నిహారికకు వాసన సంగతి తెలుసు, అత్త జబ్బు సంగతి తెలియదు. రెండూ తెలిసినవాడు రోజూ పొద్దున ఆ కుర్చీలో కూర్చుని తల్లికి తాను కనిపించడం లేదని సరిచూసుకున్నాడు. కొడుకు రావడం లేదని ఆమె ఏడుస్తుంటే పక్కనే కూర్చుని విన్నాడు.

నిహారిక కుర్చీని భర్తకు దూరంగా జరుపుకుంది. నరేందర్ తల ఎత్తలేదు.

"నరేందర్, ఒక్కసారి లేచి ఇటు పక్కకు రా," అంది గంగమణి.

అతను లేచి, మంచం చుట్టూ తిరిగి, కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. సుగుణమ్మ మొహం వెలిగిపోయింది. మంచి చేతిని చాపింది.

"వచ్చినవా కొడకా. ఇన్ని దినాలకు యాదికొచ్చిన్నా? బాపు పోయిండురా. నీ కోసం ఎంత చూసిన్నో."

నరేందర్ మోకాళ్ల మీద కూలబడి ఆ చేతిలో మొహం పెట్టుకున్నాడు. "నేనే కలిపిన్నమ్మా," అన్నాడు. "బాపు చాయ్‌ల నేనే కలిపిన."

సుగుణమ్మ అతని తల నిమిరింది. పిచ్చి మాటలు మాట్లాడకన్నట్టు చిన్నగా నవ్వింది కూడా.

"నువ్వు యాడొచ్చినవ్ బిడ్డా? వస్తే నేను చూడనా?" ఎస్సై వైపు తిరిగింది. "వాడు రాలేదు సార్. నేను మెలకువగనే ఉన్న. వాడసలు ఈ గదిలకే రాలేదు."

ఎస్సై గంగమణిని చూశాడు. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. పోలీసు ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. రేపు నరేందర్ లాయర్ ఈమెనే బోను ఎక్కిస్తాడు. ఈమె అబద్ధం చెప్పదని ఊరంతా సాక్ష్యం పలుకుతుంది. నిన్నటిదాకా కృపను ముంచిన నోరే రేపు నరేందర్‌ను కాపాడుతుంది, ఒక్క మాట మారకుండా.

నరేందర్‌ను లేపి గుమ్మం వైపు నడిపించారు. మంచం దాటగానే సుగుణమ్మకు అతను లేకుండా పోయాడు. ఆమె కిటికీ వైపే చూస్తూ, కొడుకు ఇప్పుడే ఇక్కడ ఉన్నాడనీ, అన్నం తిని పొమ్మనండనీ అంది. నిహారిక అప్పటికే ఇల్లు విడిచి వెళ్లిపోయింది.

వాకిట్లో యాకూబు దండం పెడితే గంగమణికి అది తీసుకోవడానికి చేతులు రాలేదు. కృప మీది కేసు కొట్టేస్తారు, అంతే. చాయ్‌లో మందు కలిపిన పిల్ల అన్న పేరు ఊళ్లో పోదు, కృపను ఇంకెవరూ తమ ఇంటి ముసలివాళ్ల దగ్గర పెట్టుకోరు. రాజ్‌కుమార్ ఇంతసేపూ అక్కను పొగడలేదు. కారు ఎక్కబోతూ, ఇప్పుడు మనం గెలిచినట్టా అని మాత్రం అడిగాడు.

కృప ఒక్కతే వెనక్కి వెళ్లి, పొద్దున సుగుణమ్మ సగం తిని వదిలేసిన కంచం తిప్పి, ఆమె తినేదాకా నిలబడింది. తండ్రి పిలిచాడు. రేపటి నుంచి కంచం తిప్పేవాళ్లు ఆ ఇంట్లో లేరు. ముసలామె మూతి తుడుచుకుని, నా కొడుకొచ్చి పోయిండు చూసినవా కృపా అని అడిగింది. చూసిన అవ్వా అంది కృప. అప్పటికే ఆమె గుమ్మం దగ్గరికి వచ్చేసింది. సుగుణమ్మ ఆమె కోసం కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది.