ఎవరూ చదవని ఫోల్డర్

శంషాబాద్‌లోని అద్దె ఇంటి వాకిట్లో స్వర్ణలత నీళ్ల డ్రమ్ము నింపుతోంది. గేటు దగ్గర ఫిల్టర్ మెకానిక్ ఆగాడు.

"అత్తాపూర్‌ల వాన పడ్డదా అమ్మా?"

"బుద్వేల్ దాకా వచ్చింది."

కోడ్ సరిపోయింది. వేషంలో ఉన్నది ఆమె పనిచేసే గూఢచారి సంస్థ చీఫ్ గోవర్ధన్. వాకిట్లోనే బ్రీఫింగ్ ఇచ్చాడు. ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక కార్గో కంపెనీ కోల్డ్ స్టోరేజ్‌లో పసిపిల్లల వ్యాక్సిన్లున్నాయి. ఇవాళ ఆరింటికి అక్కడ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కుతుంది. దాంట్లో ఒక విదేశీ ముఠా చెయ్యి పెట్టిందని సమాచారం. లోపల వేడి పెరుగుతుంది, స్క్రీన్ మీద మాత్రం చల్లగానే కనిపిస్తుంది. పాడైన మందు పిల్లల ఒంట్లోకి వెళ్తుంది. ఆధారం లేనిదే ఆపేది లేదని కంపెనీ మొండికేసింది. నిపుణులు కోడంతా చదివినా ఏమీ దొరకలేదు.

"ఏ కోడ్ చదివిన్రు సార్?"

"సోర్స్. మనుషులు రాసింది."

"బిల్డ్ ఫోల్డర్?"

"అది సోర్స్ నుంచి మిషన్ తయారుచేసేది గదా. అదెవరు చదువుతరు?"

ఆమె నల్లా కట్టేసింది. ఒళ్లు మండింది. ఆ సాఫ్ట్‌వేర్ టీమ్‌లో టెస్టర్ వేషంలో చేరిన నాటి నుంచి చెబుతూనే ఉంది, మిషన్ తయారుచేసే ఫైళ్లను టీమంతా కోడ్ దాచుకునే రిపోజిటరీలో పెట్టకండి, సోర్స్ ఉంటే కావలసినప్పుడు మళ్లీ తయారవుతాయని. ప్రతిసారీ బిల్డ్ చేస్తూ కూర్చోవాలా అని అందరూ నవ్వారు. ఎక్కువ నవ్వింది టీమ్ లీడ్ కళ్యాణి. ఈ ఇంటి పై గదిలో ఉండే ఆ అందగత్తె గోవర్ధన్ కోసం పనిచేసే రహస్య ఏజెంట్ కూడా.

స్వర్ణలత లోపలికి వెళ్లి లాప్‌టాప్ తెరిచింది. సోర్స్ నుంచి కొత్తగా బిల్డ్ చేసి, రిపోజిటరీలో ఉన్నదానితో పోల్చింది. రెండూ ఒక్కలాగే ఉండాలి. రిపోజిటరీలోని దాంట్లో ఒక ముక్క ఎక్కువుంది. సోర్స్‌లో దాని జాడే లేదు. చేర్చినవారి పేరు: కళ్యాణి.

ఫోల్డర్ తొలగించబోతుంటే నెట్ ఆగిపోయింది. మెట్ల మీద జరీచీరలో కళ్యాణి. చేతిలో లిప్‌స్టిక్, దాని అడుగున ఎర్ర లైటు. జామర్.

"మిషన్ రాసిందాన్ని ఎవరు చదువుతరక్కా? నాకు జాగ ఇచ్చింది మీరే."

"జాగ ఇచ్చింది మేమే. పసిపిల్లల మందుల చెయ్యి పెట్టింది నువ్వు."

వాకిట్లోంచి వచ్చిన గోవర్ధన్ కళ్యాణి చెయ్యి మెలితిప్పి లిప్‌స్టిక్ లాక్కుని బయటి డ్రమ్ములోకి విసిరాడు. నెట్ వచ్చింది. స్వర్ణలత ఫోల్డర్‌ను తుడిచేసి, ఇకపై రిపోజిటరీలోకి రాకుండా నిషేధం పెట్టింది. మరుక్షణం ఆరైంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఇన్‌స్టాలర్ ఆ ఫోల్డర్ కోసం వెతికింది. దొరకలేదు. కోల్డ్ స్టోరేజ్‌లో పాత సాఫ్ట్‌వేరే నడుస్తూ ఉండిపోయింది.

కళ్యాణిని కిటికీ ఊచకు బేడీలతో బిగించి గోవర్ధన్ కుర్చీలో కూలబడ్డాడు. ఇగ పరేషాన్ లేదన్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"మన ఆఫీస్ రిపోజిటరీల గూడ బిల్డ్ ఫోల్డర్ ఉన్నది. పని జల్ది అయితదని నేనే పెట్టమన్న. ఈమెకు పాస్‌వర్డ్ గూడ ఇచ్చిన."

కళ్యాణి ఆయన వైపు జాలిగా చూసింది. స్వర్ణలత మాత్రం చూడలేదు. లాప్‌టాప్ చంకన పెట్టుకుని, చెప్పులేసుకుని, ఆఫీసుకెళ్లే ఆటో కోసం గేటు దాటింది.