వెనక్కి నడిచిన ఇల్లు

పెళ్లి చేసుకుందామనుకున్న పిల్ల ఆరబోసిన మిరపకాయల మీద లారీ ఎక్కించడం మంచి ఆరంభం కాదు. పెద్దన్న చేసింది మాత్రం అదే. పెద్దారవీడులో మేనమామ కళ్ళంలోకి నాలుగు చక్రాలూ దూర్చి, బ్రేకు వేసి, తుమ్ముకుంటూ దిగాడు.

"ఎవరయ్యా నువ్వు? కండ్లు నెత్తిన పెట్టుకోని తోల్తాండావా?" చేట పట్టుకుని ఒక అమ్మాయి ఎదురొచ్చింది. ఆమె కూడా తుమ్ముతోంది.

"గుర్తుపట్టలేదా ఓబులమ్మా? మీ అత్త కొడుకును, పెద్దన్నను."

"పెద్దన్న బావ యుద్ధంలో ఉండాడు."

"యుద్ధం అయిపోయి ఏడాదాయె గదా."

"అయిపోతే దాన్ని మా కళ్ళంలోకి తెచ్చినావా?"

నవ్వబోయి మళ్లీ తుమ్మాడు పెద్దన్న. పటాలానికి పోయేటప్పుడు ఓబులమ్మ పదిహేనేళ్ల పిల్ల. ఇప్పుడు పంతొమ్మిది. మిరప ఘాటుకు ఆమె కళ్ల నిండా నీళ్లు, ఆ నీళ్ల వెనక కోపం, ఆ కోపం వెనక ఏదో నవ్వు. అతను లారీ మడ్‌గార్డు పట్టుకున్నాడు.

ఇంతలో మేనమామ చెన్నకేశవులు వచ్చి లారీ చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

"బండి బాగుంది. మార్కాపురంలో ఇల్లెట్లుంది? మీ నాయన పోయినాక చూసేటోళ్ళు లేరు గదా."

"అమ్మినా మామా."

"అమ్మి?"

"ఇది కొన్నా. మద్రాసులో, మిలిటరీ వేలంలో."

చెన్నకేశవులు అక్కడే మిరపకాయల మీద కూలబడ్డాడు. మాట మాత్రం గట్టిగా వచ్చింది. "ఇల్లమ్ముకున్నోనికి పిల్లనియ్యను. గిద్దలూరు రంగయ్య కొడుక్కు రెండంతస్తుల మిద్దె ఉంది. ఉగాది పోయినాక తాంబూలాలకు వస్తామన్నారు. రానిస్తా."

ఓబులమ్మ చేతిలోని చేట కింద పడింది. అది చూశాక పెద్దన్న నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఇదే ఇల్లు చేస్తా మామా. కొండ కింద పల్లెల్లో ఆయిల్ ఇంజను చెడిపోతే బాగుచేసే మేస్త్రీ రావాలంటే వారం. ఆ పని పటాలంలో నేర్చినా. బాట లేని చోటికి కూడా ఇది పోతది. నాలుగు చక్రాలూ లాగుతాయి. ఇల్లూ దీంట్లోనే, పనీ దీంట్లోనే."

ఇంకొకడైతే చెప్పు తీసుకునేవాడు. కానీ చెన్నకేశవులుకు వాస్తు పిచ్చి. ఊళ్లో ఎవరు ఇంటికి ముగ్గు పోసినా కొలతాడు పట్టుకుని వాలిపోయి, వాళ్ల తలుపులు జరిపించేవాడు. ఆయన కనపడితే ఇల్లు కట్టేవాళ్లు పని ఆపి పక్క వీధికి పోయేవారు. అట్లాంటి మనిషికి ఒక ఇల్లు వెతుక్కుంటూ వచ్చి కళ్ళంలో నిలబడింది.

"ఇల్లయితే ఇంటి లెక్కనే ఉండాల," అన్నాడు లేచి పంచె దులుపుకుంటూ. "గడప ఉండాల. పొయ్యి ఆగ్నేయంలో, నీళ్లు ఈశాన్యంలో. తలుపు తూర్పుకు. గృహప్రవేశం అయినాక మూడు దినాలు నల్లమలలో కాపురముండి చూస్తా. నాకు నచ్చితే పిల్ల నీది. లేకుంటే గిద్దలూరు."

మర్నాటి నుంచి కళ్ళంలో సుత్తి చప్పుడే. లారీని పడమటికి తిప్పి నిలిపి, వెనక టేకు చెక్కలతో గది కట్టి, పైన రేకు వేశారు. అప్పుడు తలుపు తూర్పుకొచ్చింది. డ్రైవరు సీటు వెనక గోడ తీసేస్తే కూర్చున్నచోటి నుంచి ఇల్లంతా కనపడేది. మంచం గోడకు మడిచి కట్టేది. ఇసుకలో దిగబడితే చక్రాల కింద వేయడానికి పలకలు, బురదకు గొలుసులు, చెట్టుకు కట్టి లాగడానికి మోకు, అన్నీ అడుగున సర్దాడు పెద్దన్న.

వంటిల్లు మాత్రం అతని వల్ల కాలేదు. అలమర కొట్టి, చెంబులూ తపేలాలూ పేర్చి, ఊరి చివరి దాకా పోయి వచ్చేసరికి అన్నీ నేల మీదున్నాయి. చింతపండు పులుసు రేకు దాకా ఎగిరింది.

"వండే ముందే తిరగమోత పెట్టినావే బావా," అని ఓబులమ్మ తలుపు పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక పని మొదలుపెట్టింది. అలమరకు అంచు పెట్టించింది. తపేలాలకు చెవులు కొట్టించి గొలుసులకు వేలాడదీసింది. రోలును నేలకు బోల్టులతో బిగించమంది.

"రోలుకు బోల్టులా?"

"నీ ఇంజనుకు లేవా?"

పై అలమర ఎంత ఎత్తులో ఉండాలో చూడటానికి ఆమెను చేయి పైకెత్తమన్నాడు. పెన్సిలుతో గీత గీయడానికి అవసరమైనదానికంటే చాలాసేపు పట్టింది.

"కొలిచేది అలమరనా, నన్నా?"

"గోడ వంకరగా ఉంది. చెయ్యి దించొద్దు."

మిలిటరీ డ్రమ్ముకు కొళాయి బిగించిన రోజు ఓబులమ్మ దాన్ని పదిసార్లు తిప్పింది, పదిసార్లు కట్టేసింది. ఊరి బావి నుంచి రెండు కడవలు మోసే పిల్ల. "గిద్దలూరు మిద్దెలో ఇది ఉండదు," అంది, అతని వైపు చూడకుండా. ఆ మాటకు పెద్దన్న రెండు పూటలు అన్నం మరిచిపోయాడు.

ఉగాది నాడే గృహప్రవేశం. ముందు ఆవు అడుగుపెట్టాలి కదా. పలక మీదుగా ఆవును ఎక్కించారు. దానికి ఇల్లు బాగా నచ్చింది. గుమ్మానికి కట్టిన అరటి పిలకలు తిని దిగనంది. చివరికి పంతులుగారు మంత్రాలు చదువుతుండగానే లారీని కొట్టం దాకా తోలుకుపోయి దించి వచ్చారు.

తర్వాత అడవికి బయలుదేరారు. మామ భార్య లక్ష్మీనరసమ్మ గొడ్లను చూసుకోవడానికి ఊళ్లో ఉండిపోయింది. పెద్దదోర్నాల దాటి, బాట వదిలి, ఇసుక వాగులో దిగి, పలకలు వేసుకుంటూ గట్టెక్కారు. మూడు రోజులు కాపురమున్నారు. తండ్రీ కూతుళ్లు ఇంట్లో, ఇంటి యజమాని ఇంటి కింద చక్రాల మధ్య. చెన్నకేశవులు పొద్దున్నే గడపకు పసుపు రాయించి, వెదురు కొట్టుకునేవాళ్లు ఎదురైతే "లోపలికి రాండి, కాళ్లు కడుక్కోని రాండి" అని పిలిచేవాడు. ఒక్క వంక పెట్టలేదు. పెద్దన్నకు ప్రాణం కుదుటపడింది.

నాలుగో రోజు దోర్నాల కూడలికి వచ్చి లారీని ఊరివైపు తిప్పబోయాడు.

"ఆపు," అన్నాడు చెన్నకేశవులు. "ఏంది చేస్తాండావు?"

"ఇంటికి పోవద్దా మామా?"

"తిప్పితే తలుపు పడమరకొస్తది. పొయ్యి వాయవ్యానికి పోతది. గృహప్రవేశం చేసిన ఇంటికి తలుపు మారుస్తావా? అడవిలో మెలికలు తిరిగినావు, బాట లేని చోటని ఊరుకున్నా. ఇది రోడ్డు."

"మరెట్ల పోవాల?"

"వెనక్కి పో."

"పది మైళ్లా?"

"ఇల్లు కావాలన్నది నువ్వే గదా."

పెద్దన్న ఓబులమ్మ వైపు చూశాడు. ఆమె పెదవి కొరుక్కుని పైకి చూస్తోంది. గిద్దలూరు వాళ్లు వచ్చే వారమే వస్తారు. అతను రివర్సు గేరు వేశాడు.

టీ తాగుతున్న యాత్రికులు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. చెక్‌పోస్టు దగ్గర గార్డు పుస్తకం తెరిచి, లారీ ముందూ వెనకా చూసి, "పోతాండారా, వస్తాండారా?" అని అడిగాడు.

"ఇంట్లోనే ఉండాం," అన్నాడు చెన్నకేశవులు. గార్డు చాలాసేపు ఆలోచించి పుస్తకం మూసేశాడు.

మెడ వెనక్కి తిప్పి తోలుతున్నాడు పెద్దన్న. తెరిచిన తలుపులో, గడప తొక్కకుండా లోపల నిలబడి, ఓబులమ్మ బాట చెబుతోంది. వెనక ఎండ, ఎగిరే కొంగు, నుదుటి మీద చెమట.

"కుడికి బావా. ఇంకొంచెం. రాయుంది, రాయుంది."

లారీ రాయెక్కి దిగింది. గొలుసులకు తపేలాలు గణగణలాడాయి.

"బాట చూడు బావా."

"బాటకు అడ్డంగా నువ్వుండావు."

"నాయనుండాడు."

"మీ నాయన పొయ్యి చూసుకుంటాండాడు."

నిజంగానే చెన్నకేశవులు పొయ్యి ఏ మూలనుందో కొలుచుకుంటున్నాడు. ఇంజను వేడెక్కి రెండుచోట్ల ఆగారు. కుంట నీళ్లు పోశారు. మళ్లీ వెనక్కి.

ఆరో మైలు దగ్గర బాట దక్షిణానికి తిరిగింది. పోయేటప్పుడు ఈ మలుపులో నిద్రపోయిన చెన్నకేశవులు ఈసారి ఒక్క గంతున పోయి తలుపు మూసేశాడు.

"మూస్తే నాకేం కనపడుద్ది మామా?"

"పిల్ల తలుపు పక్క కిటికీలో చూసి చెప్తది. తెరిచిన తలుపుకే దిక్కు. మూసిన తలుపుకు దిక్కు లేదు."

స్టీరింగు తిప్పుతుండగా పెద్దన్నకు తట్టింది. మూసిన తలుపుకు దిక్కు లేకపోతే, దోర్నాలలోనే తలుపు మూసుకుని, దర్జాగా ముందుకు తిప్పుకుని, ఈపాటికి ఇంట్లో మజ్జిగ తాగుతుండాల్సింది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పటికి మలుపు అయిపోయింది. మామ తలుపు తీశాడు. వెలుతురులో మళ్లీ ఓబులమ్మ, అతనికేసి తిరిగి.

పెద్దన్న నోరు మూసుకున్నాడు. మిగిలిన నాలుగు మైళ్లూ ఇంకా మెల్లగా తోలాడు.

పొద్దు వాలేసరికి లారీ వీపు చూపిస్తూ పెద్దారవీడులో ప్రవేశించింది. లక్ష్మీనరసమ్మ పరుగున వచ్చింది. ఓబులమ్మ దిగింది. పెద్దన్న మెడ ఎడమకే ఉంచుకుని దిగాడు. చెన్నకేశవులు దిగలేదు. గడప లోపల పీట వేసుకుని కూర్చున్నాడు.

"మూడు దినాలు ఒక్క చెంబు దొర్లలేదు," అన్నాడు భార్యతో. "నా మాట కోసం పది మైళ్లు వెనక్కి తోలినాడు. ఈ తాలూకాలో ఇంతవరకూ నా మాట ఇనినోడు ఒక్కడు లేడు. గిద్దలూరోళ్లకు వద్దని కబురంపు. పిల్ల వీనిదే."

"సరే, దిగు."

"దిగను. బియ్యం మూట ఎక్కించు. నేను అల్లుని ఇంట్లోనే ఉంటా."

"కొత్త కాపురంలో నువ్వేందయ్యా నడుమ?"

"మూలలు ఎవరు చూస్తారు మరి?"

ఆ ఇద్దరూ అట్లా వాదించుకుంటుండగా పెద్దన్న లారీ పక్కకు పోయి మెడకు ఆముదం రాసుకుంటున్నాడు. ఓబులమ్మ వచ్చి సీసా లాక్కుని తానే రాయడం మొదలుపెట్టింది. అతని సంతోషం అడుగున మాత్రం ఒక ముల్లు గుచ్చుకుంటోంది.

"మామ నా మీద లేని గొప్ప పెట్టినాడు. నీ కాడ ఒకటి దాచినా," అన్నాడు మెల్లగా.

"తలుపు మూసుకోని ముందుకు రావచ్చని. అదే గదా?"

పెద్దన్న తల తిప్పబోయాడు, తిరగలేదు. "నీకెప్పుడు తట్టింది?"

"దోర్నాలలోనే. తలుపు మూసుకుందామంటే నాయన సరేననేటోడే."

"మరి చెప్పలేదేంది? నా మెడ చూడు."

ఆమె చేయి అతని మెడ మీద ఆగింది.

"చెప్తే నువ్వు ముందుకు చూసి తోలేటోనివి గదా బావా."