శాశ్వతంగా మళ్లించిన దారి

లింగరాజుకి ఒక సుగుణం ఉంది. ఏ పనీ తాత్కాలికంగా చెయ్యడు. చేస్తే శాశ్వతమే. అందుకే అతను చెడగొట్టినవి కూడా మరి బాగుపడవు. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా వెబ్‌సైట్లు కట్టేస్తాడని సంచౌంగ్ వీధిలో బర్మా వాళ్లు 'సయా' అంటారు, గురువుగారూ అన్నట్టు. అతను వద్దని ఒక్కనాడూ అనలేదు.

యాంగోన్ తెలుగువాళ్లలో పోయిన పెద్దల ఫోటోలుండే వెబ్‌సైటు అతని చేతిలోనే ఉంది. తద్దినం నాడు ఇంటివాళ్లు ఫోన్లో ఆ పేజీ తెరిచి, విస్తరి ముందు ఆనించి పెట్టుకుంటారు. ఈమధ్య తెరిచినప్పుడల్లా 'సురక్షితం కాదు' అని వస్తుంటే ముసలమ్మలు హడలిపోతున్నారు. కరెంటు ఉన్నప్పుడే పని, లేనప్పుడు ఉక్కపోత. లింగరాజుకి మూడు రోజులుగా నిద్ర లేదు. ఆ మధ్యాహ్నం, వాన హోరులో, చిరునామా పక్కన తాళం గుర్తు పడే, సురక్షితమైన కొత్త దారి వేశాడు. పాత దారిన వచ్చేవాళ్లని అటు మళ్లించే లైను ఒకటి రాశాడు. తాత్కాలికమా, శాశ్వతమా అన్నచోట శాశ్వతమే పెట్టి, చాప మీద నడుం వాల్చాడు.

కరెంటు పోయింది. ఫోను మోగింది.

నరసమ్మ. సేక్కాన్ రేవులో మూటలు మోసి, అక్కడి నదిలోనే పోయిన బుల్లియ్య భార్య. ఇవాళ అతని తద్దినం. ఆ పేజీలో ఉన్న, అతను పేము కుర్చీలో కూచున్న ఒక్క ఫోటో తప్ప ఆవిడ దగ్గర మరోటి లేదు.

"ఏటి రాజూ, పేజీ తెరుసుకోదు. అన్నం సల్లారిపోతంది. మీ పెదనాన్నని ఎక్కడికి తోలేసినావు?"

"ఎక్కడికీ తోల్లేదు పెద్దమ్మా. ఉండు, సూస్తాను."

లాప్‌టాప్‌లో మిగిలిన చార్జితో చూశాడు. మళ్లించే లైను చివర ఉన్నది వెబ్‌సైటు చిరునామా కాదు. నిన్న ప్రయోగానికి వాడిన పాత కంప్యూటరుది, ఈ గది మూలనున్న దానిది. గది బయట ఎవరికీ అది తెరుచుకోదు. సయా గారు సిగ్గుపడి దిద్దారు.

అప్పుడొచ్చింది వాసన. తడిసిన గోనె సంచులు... రేవు బురద...

మూల పాత కంప్యూటరు తెర వెలుగుతోంది. కరెంటు లేదు. దానికి బ్యాటరీ అసలే లేదు. తెర మీద ఒకే లైను. ఎవరో ఒక్కరు వచ్చారు... బుల్లియ్య పేజీ అడిగారు...

"రాజూ..." ఫోన్లో నరసమ్మ గొంతు తగ్గింది. "నా ఫోను ఇంకా మొండికేస్తంది. కోడలి ఫోన్లో ఒచ్చింది."

"పెదనాన్న ఒచ్చాడా?"

"కుర్చీ ఒచ్చింది."

"ఏటి?"

"కుర్చీ ఒకటే ఉంది నాయినా... మనిషి లేడు."

లింగరాజు వెనక పేము కిర్రుమంది. అతని ఇంట్లో ఉన్నవి రెండు ప్లాస్టిక్ స్టూళ్లు.

తిరిగి చూడలేదు. దిద్దిన లైనే మళ్లీ చూశాడు. సరిగ్గానే ఉంది. కానీ శాశ్వతమని ఒకసారి చెబితే, నరసమ్మ ఫోనులాగే, విన్నవాడు ఆ దారే గుర్తుపెట్టుకుంటాడు. ఆ తర్వాత దిద్దినా, మళ్లీ అడగడు.

అలా పంపినవాణ్ణి వెనక్కి ఎలా పిలవాలో లింగరాజు ఇంకా నేర్చుకోలేదు.