మంచు దేశం నుంచి వచ్చిన జీపు

"ఈ ఏడు ఖర్జూరం ఎట్లా ఉంది?" అన్నాడు పక్క బల్ల మీద కూర్చున్న లారీ డ్రైవరు.

"ఇంకా పచ్చిగానే ఉంది," అన్నాడు హారిబ్.

కోడ్ కలిసింది. ఆ డ్రైవరు డ్రైవరు కాదు. ఒమన్ గూఢచారి శాఖలో హారిబ్ పై అధికారి, బ్రిగేడియర్ యాఖూబ్. జిడ్డు టోపీ, చెవి వెనక సిగరెట్టు అన్నీ కుదిరాయి గానీ, గోళ్ళు మాత్రం పెళ్ళికొడుకు గోళ్ళలా మెరుస్తున్నాయి. అదృష్టం, ఇబ్రీ ఊరి చివర టీ కొట్లో గోళ్ళు చూసేవాళ్ళు లేరు.

"హుమైద్ బిన్ సుహైల్‌ని చంపబోతున్నారు. రేపు రెండు తెగల సంధికి ఆయనే సాక్షి. ఆయన లేకపోతే సంధి లేదు. సరిహద్దు అవతలి ముఠాకి కావలసిందీ అదే."

"ఎట్లా చంపుతారు?"

"తెలీదు. 'కానుక మంచు దేశం నుంచి వస్తుంది' అన్న ఒక్క ముక్క చిక్కింది." యాఖూబ్ గొంతు తగ్గించాడు. "ఆయన నీకు కావలసినవాడు. ఇంకొకర్ని పంపమంటావా?"

"అక్కర్లేదు సార్."

హుమైద్ కొడుకు ఖల్ఫాన్, హారిబ్ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. ఎనిమిది నెలల కిందట కారు బాంబు పేలి ఖల్ఫాన్ పోయాడు. శవాన్ని ఇంటికి చేర్చింది హారిబే. ఆనాటి నుంచి అతనికి ఏదీ తగలడం లేదు. తిన్నది ఉప్పనో చప్పనో తెలియదు. ఎవరైనా నవ్వితే, నవ్వాలి కాబోలు అనుకుని నవ్వుతాడు.

"మంచు దేశమంటే జపాన్ సార్," అన్నాడు. "ఖల్ఫాన్‌కీ నాకూ డ్రైవింగ్ నేర్పిన జీపు లాంటిదే కావాలని హుమైద్ బాబాయ్ అక్కణ్ణుంచి నలభై ఏళ్ళ నాటి డీజిల్ బండి తెప్పిస్తున్నాడు."

యాఖూబ్ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

పది నిమిషాల్లో హారిబ్, పాత బండ్లు కొనే కువైటీ ఆసామి వేషంలో లుజైన్ ఆఫీసులో ఉన్నాడు. విదేశాల నుంచి బండ్లు తెప్పించడం ఆమె వ్యాపారం. ఇటు శాఖకీ, అటు ముఠాకీ కబుర్లు మొయ్యడం ఆమె అసలు పని. నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, అతన్ని ఎగాదిగా చూసింది.

"రండి హారిబ్ గారూ. గడ్డం ఎడమ పక్క ఊడొస్తోంది, చూసుకోండి."

"హుమైద్ జీపు అడుగుభాగం ఫోటోలు ఇయ్యి. జపాన్‌లో తీసినవీ, మన సోహార్ రేవులో దిగాక తీసినవీ."

కంటితో చూడకుండా బండి కొనేవాడు ముందు అడిగేది ఆ ఫోటోలే. హుమైద్ అడగలేదు, కాగితం మీది రాత నమ్మాడు. మంచు కరగడానికి అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు బండి అడుగున ఉండే ఇనప చట్రాన్ని, ఛాసిస్‌ని, చెదపురుగులా తింటుంది. జపాన్ ఫోటోలో ఎడమ పక్క బొటనవేలు దూరేంత చిల్లు ఉంది. సోహార్ ఫోటోలో ఆ చిల్లు లేదు. దాని స్థానంలో మూరెడు కొత్త ఇనుము, మీద తుప్పు రంగు పెయింటు. మధ్యలో ఓడ ఇంకో రేవులో పన్నెండు రోజులు ఆగింది.

"ఆ ఇనుము లోపల బాంబుంది. నీకు తెలుసు," అన్నాడు హారిబ్.

"నిన్న సాయంత్రమే మీ శాఖకి ఫోన్ చేశాను. ఆఫీసు వేళలు అయిపోయాయి, రేపు చెయ్యమన్నారు. అవతలివాళ్ళు అట్లా కాదు బాబూ, ఎప్పుడు చేసినా ఎత్తుతారు."

"దేనికి కట్టారు?"

"స్టార్టర్ తీగకి. దారిలో పేలకుండా బ్యాటరీ విప్పి పంపారు. పెద్దాయన తన చేత్తో బ్యాటరీ పెట్టుకుంటాడు. కొత్తగా వచ్చిన బండికి మొదటి తాళం ఇంకెవర్నీ తిప్పనివ్వడు. అది వాళ్ళకి బాగా తెలుసు. జీపు ఎక్కించిన ట్రైలర్ పొద్దున్నే పోయింది."

"నాకెందుకు చెప్తున్నావ్?"

"రెండు పక్కలా పనిచేసేదాన్ని. రెండు పక్కలూ బతికుండాలి కదా?"

హుమైద్ ఒంటెల దొడ్డి ఇసుక దిబ్బల వెనక ఉంది. అక్కడ సిగ్నల్ లేదు. హెలికాప్టర్ రావడానికి గంటన్నర పడుతుంది. హారిబ్ తన బండి తీశాడు.

తారు రోడ్డు అయిపోయేసరికి అద్దంలో తెల్లకారు కనబడింది. ముఠా మనుషులు. హారిబ్ బండి ఆపి, దిగి, ఇసుకలో కూరుకోకుండా ఒక్కో టైరులోనూ గాలి సగానికి తీయడం మొదలుపెట్టాడు. తెల్లకారు దగ్గరైంది. ఒక తూటా వెనక అద్దాన్ని పగలగొట్టింది. అతను నాలుగో టైరు కూడా పూర్తిచేసే లేచాడు. భయం వేస్తే తొందరపడేవాడు. వెయ్యలేదు. నిండు గాలి టైర్లతో ఇసుకలోకి దూకిన తెల్లకారు మొదటి దిబ్బ దాటకుండానే పొట్ట దాకా కూరుకుపోయింది.

దొడ్డి దగ్గర జీపు బానెట్ ఎత్తి ఉంది. ఎత్తిన బానెట్ చాటున, డ్రైవరు సీట్లో హుమైద్. అసలే చెవుడు, పైగా గాలి. హారిబ్ కేక ఆయన్ని చేరలేదు. దగ్గరికొస్తుంటే ఆయన గొంతే ఇతనికి వినబడింది.

"పందొమ్మిది... ఇరవై..."

తాళం సగం తిప్పాడన్నమాట. కొండల మీద చలిలో నడిపిన రోజుల అలవాటు. సగం తిప్పి, ఇంజను లోపల వేడెక్కేదాకా ముప్ఫై లెక్కపెట్టి, అప్పుడే పూర్తిగా తిప్పాలి. నలభై అయిదు డిగ్రీల ఎండలోనూ అంతే. పిల్లలుగా ఖల్ఫాన్, తనూ ఆ లెక్కలో అంకెలు మింగేసి మొట్టికాయలు తిన్నారు.

"ఇరవై ఆరు..."

బ్యాటరీ తీగ పట్టుకుని లాగాడు. రాలేదు. మెలితిప్పాడు. అరచెయ్యి చీరుకుంది.

"ఇరవై తొమ్మిది..."

తీగ ఊడింది.

"ముప్ఫై. బిస్మిల్లా."

టక్. అంతే.

హుమైద్ దిగొచ్చాడు. "ఒరేయ్ హారిబ్! ఏం పనిరా ఇది? మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టాలి!"

హారిబ్ ఫోటోలు రెండూ చూపించి, సంగతంతా ఆయన చెవిలో అరిచి చెప్పాడు. చెప్తుంటే అరచెయ్యి మండింది. ఎనిమిది నెలల్లో అతనికి తగిలిన మొదటి సంగతి అదే. చెయ్యి తుడుచుకోకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

హుమైద్ తలపాగా కొస చింపి ఆ చేతికి కట్టాడు. తర్వాత జపాన్ ఫోటో ఎండకి ఎత్తి, చిల్లు దగ్గర చాలాసేపు కన్ను పెట్టి చూశాడు.

"బాంబు పెట్టినవాళ్ళు శత్రువులు, అది వాళ్ళ పని," అన్నాడు. "తుప్పు బొత్తిగా లేదని రాసి అమ్మినవాడెవడో, వాణ్ణి పట్టుకోరా ముందు!"