స్నానం తర్వాత మూడు నిమిషాలు

బెంగాల్‌లోని కృష్ణనగర్‌లో చలికాలం పొద్దున ఏ మేడ మీద పసిబిడ్డ ఉందో ముక్కే చెప్పేస్తుంది. చాప మీద బిడ్డ, పక్కన గిన్నెలో ఆవనూనె, పైన ఎండ. ఆ ఊళ్లో పిల్లల పెంపకమంటే సగం అదే.

అందుకే పైవాటాలో కొత్తగా దిగిన దివ్యేందు, తన ఎనిమిది నెలల కూతురికి చుక్క నూనె రాయకుండా ఏదో తెల్లటి క్రీము పూస్తుంటే, బట్టలారేస్తున్న మధుఛందకు ఒళ్లు మండింది.

"ఆవనూనెకు కరువొచ్చిందా మీ ఇంట్లో?"

"దీనికి ఎగ్జిమా, మధుదీ. నూనె పడదు," అన్నాడతను.

ఆ వీధిలో చిన్నా పెద్దా ఆమెను మధుది అనే పిలుస్తారు, మధు అక్క అని. ముప్ఫై మూడేళ్లకే ఊరందరికీ అక్కైపోయింది గానీ, ఎవరికీ ఇంకేమీ కాలేదు. తల్లి పోయాక ఈ రెండు చలికాలాల్లో "తలకు కప్పుకోవే, చలిగాలి" అని చెప్పే మనిషి కూడా లేదు.

అతనిదీ ఒంటరి బతుకే. భార్య కాన్పులోనే పోయింది. పాప టుపుర్ ఏడుపు, అతని అడుగుల చప్పుడు కింద గదిలోకి వినిపిస్తుంటే మధుఛందకు ఇల్లు కాస్త నిండినట్టుండేది. అప్పుడప్పుడు పాపను ఆమె దగ్గర వదిలి బజారుకు వెళ్లేవాడు.

అలా వదిలిన ఒక ఆదివారమే కొంప మునిగింది. బీటలు తీసిన ఆ బుగ్గలు చూసి ఆమెకు మనసాగలేదు. పొడి చర్మానికి నూనె పడకపోవడమేమిటి, మగవాడికేం తెలుసులే అనుకుంది. ఎండలో పడుకోబెట్టి ఆవనూనెతో మర్దన చేసి, తను అల్లిన ఉన్ని స్వెటర్ తొడిగి మురిసిపోయింది.

సాయంత్రానికి పాప మోచేతి మడతలు, మోకాళ్ల వెనక ఎర్రగా కందిపోయాయి. గోక్కుని గోక్కుని నెత్తుటి చుక్కలు తేలాయి.

దివ్యేందు అరవలేదు. మర్నాడు స్వెటర్ మడిచి తెచ్చిచ్చాడు. "ప్రేమతోనే చేశారు, తెలుసు. కానీ మంట దానికి కదా, మధుదీ," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత పాప కిందికి రాలేదు.

తొమ్మిది రోజులు ఆమె పైకప్పు వంక చూస్తూ అన్నం తింది. పదో రోజు టుపుర్‌ను చూసే పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లి, ఒళ్లో బిడ్డ లేకుండానే, తల్లుల వరసలో కూర్చుంది. ఆయన ముందు నవ్వాడు, తర్వాత ఓపిగ్గా చెప్పాడు. గోరువెచ్చటి నీళ్లతో కాసేపే స్నానం. రుద్దకుండా అద్దాలి. మూడు నిమిషాల్లోపు, ఆ చెమ్మ మీదే ఒళ్లంతా మందంగా క్రీము పట్టించాలి. ఆవనూనె వద్దు, ఉన్ని ఒంటికి తగలొద్దు. మెత్తటి నూలు బట్టే వాడాలి.

నూలు అనగానే అమ్మ పెట్టె గుర్తొచ్చింది. కట్టి కట్టి వెన్నలా మెత్తబడిన చీరలు. వాటిని పొరలుగా కుట్టి కాంథా బొంత చేసి నీ బిడ్డను చుట్టాలే అనేది అమ్మ. రెండేళ్లుగా తెరవని పెట్టె తెరిచి, మొదటి చీరకు కత్తెర పెట్టేటప్పుడు ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. వారం పట్టింది కుట్టడానికి. రెండుసార్లు ఉతికి ఆరబెట్టి, పైవాటా గుమ్మానికి తగిలించి దొంగలా దిగొచ్చేసింది.

మూడో రోజు పొద్దున మెట్ల మీంచి దివ్యేందు కేక వినిపించింది. పరుగున వెళ్తే, తువ్వాలులో తడి పాప, చేతిలో క్రీము డబ్బా, చొక్కా నిండా నీళ్లు.

"బొంతలో పడుకున్నప్పటి నుంచి గోక్కోవడం తగ్గింది," అన్నాడు తల దించుకుని. "కానీ ఒక చేత్తో పట్టుకుంటే జారిపోతోంది, రెండు చేతులా పట్టుకుంటే పూసేవాళ్లు లేరు. మూడు నిమిషాలు రోజూ దాటిపోతున్నాయి."

"నన్ను నమ్ముతారా?"

"మీరు ఒట్టి చేతులతో డాక్టరు దగ్గర కూర్చున్న సంగతి ఆయనే చెప్పాడు."

ఆమె క్రీము డబ్బా అందుకుంది. అతను పట్టుకున్నాడు, ఆమె పూసింది. టుపుర్ ఇద్దరినీ సమానంగా తన్నింది. అమ్మ చీరల బొంతలో చుట్టాక, ఆవులించి బొటనవేలు నోట్లో పెట్టుకుంది.

పని అయిపోయింది. ఇక కింద ఖాళీ గదే. మధుఛంద లేచి తలుపు తీసింది.

"రేపు కూడా రావాలి," అన్నాడతను వెనక నుంచి. "ఎల్లుండి కూడా."

ఆమె తిరిగి చూసింది. అతను కొక్కేనికున్న తన శాలువా తీసి అందించాడు.

"తలకు కప్పుకో, మధూ. చలిగాలి."