మూడో కప్పు దాకా

ఆ ఉదయం పొగమంచు కరకట్ట ఎక్కి కూర్చుంది. అవతల సముద్రం కనిపించడం లేదు, వినిపిస్తోంది అంతే. ఇమ్కె వంటగది బల్ల మీద మూడు కేటలాగులు పరచుకుని వాటిలో మునిగిపోయింది. ఒకటి కొవ్వొత్తుల కంపెనీది, ఒకటి ప్లాస్టిక్ డబ్బాలది, మూడోది బల్లగుడ్డలది. మూడింటికీ కొట్టు ఉండదు. ఎవరో ఒకరి ఇంట్లో పదిమంది ఆడవాళ్లు చేరి, టీ తాగి, సరుకు చూసి, నచ్చినవి రాయించి వెళతారు. వాటిలో ఏదో ఒకటి ఎంచుకుని ఇవాళే సంతకం పెట్టాలని ఆమె పట్టుదల.

ఊళ్లో రొట్టెల కొట్టు మూతపడి ఏడాదయింది. పంతొమ్మిదేళ్లు ఆ కౌంటరు వెనక నిలబడిన మనిషి ఇమ్కె. ఎవరికి ఏ రొట్టె ఇష్టమో, ఎవరి మోకాలు ఎలా ఉందో అన్నీ ఆమెకు తెలిసేవి. ఇప్పుడు ఇంటికొచ్చేది పోస్టుమాన్ ఒక్కడే, అతనూ వానొస్తే ఉత్తరాలు పెట్టెలో పడేసి పోతాడు. కొవ్వొత్తుల కేటలాగు తెరిస్తే చాలు, ఆమెకు తమ ముందుగది నిండిపోయినట్టు కనిపించేది. కిటికీల్లో దీపాలు, సోఫాలో ఇరుక్కుని కూర్చున్న ఆడవాళ్లు, వాళ్ల నవ్వులు. సరుకు సంగతి ఆమెకు అంతగా పట్టలేదు.

"ఏం తేల్చావు?" అంది తల్లి ఫెన్నా, టీ పోస్తూ. కప్పులోని కలకండ పలుకు వేడికి చిటపటమంది, దాని మీద ఒక చుక్క మీగడ వేసింది.

"కొవ్వొత్తులే అమ్మా. డబ్బాలంటావా, మూతల్లేకుండా అందరిళ్లలోనూ మూలుగుతున్నాయి. బల్లగుడ్డలు కొంటే ఇస్త్రీ ఎవరు చేస్తారు?"

"కొవ్వొత్తుల వాళ్ల కాగితం చివరిదాకా చదివావా?"

"చదివాను. ప్రతి పార్టీలో వచ్చినవాళ్లనుంచి ఇద్దర్ని అమ్మేవాళ్లుగా కంపెనీలో చేర్పించాలట. అదేమంత పని? వచ్చేది మనవాళ్లేగా."

"మనవాళ్లు కాబట్టే వద్దంటున్నాను. ఈ ఇంట్లో అలాంటి పార్టీ జరగదు."

ఇమ్కెకు ఒళ్లు మండింది. "నీకు నామోషీ. నీ కూతురు ఇల్లిల్లూ తిరిగి అమ్ముకుంటుందని. నేను గోడలతో మాట్లాడుకుంటూ కూర్చుంటే నీకు బాగుంటుందా? చిన్నప్పుడు మన ముందుగది ఎలా ఉండేదో నాకు గుర్తుంది. నేనేం కొత్తది కోరుకోవడం లేదు."

ఆ మాటతో ఆమె చెంచా తీసి కప్పులో నిలబెట్టింది. మా వైపు టీలో చెంచా కలపడానికి కాదు, చాలని చెప్పడానికి. అది కప్పులో పడేదాకా పోసేవాళ్లు పోస్తూనే ఉంటారు. మూడు కప్పులకు ముందే పెడితే, నీ ఇంట్లో ఇంక కూర్చోనని మొహం మీద చెప్పినట్టే.

ఫెన్నా ఆ చెంచా చూసి టీ కుండ కింద పెట్టింది.

"ఏం గుర్తుంది నీకు?" అంది మెల్లగా.

"నాకు ఆరేళ్లు. బల్ల కింద కూర్చున్నాను. చుట్టూ ఆడవాళ్ల కాళ్లు, పైన రంగురంగుల గిన్నెలు. అందరూ నవ్వుతున్నారు. చివర్లో గంటలు మోగినట్టు కప్పులన్నీ ఒకదాని వెనక ఒకటి టింగు టింగుమన్నాయి. అంత అందమైన చప్పుడు మళ్లీ వినలేదమ్మా."

ఫెన్నా కుర్చీ లాక్కుని కూర్చుంది. "అవి చెంచాలే తల్లీ."

ఇమ్కెకు వెంటనే అర్థం కాలేదు.

"అప్పుడు నేనూ ఇలాగే ఓ కంపెనీకి ప్లాస్టిక్ గిన్నెలు అమ్మేదాన్ని. ఇంకొకర్ని చేర్పిస్తే బంగారు పిన్ను ఇస్తామంది కంపెనీ. గేషెని అడిగాను, అందరి ముందూ. వద్దంది. మళ్లీ అడిగాను. నవ్వుతూనే మూడోసారీ అడిగాను. తను చెంచా తీసి కప్పులో పెట్టేసింది. అప్పటికి ఒక్క కప్పే అయింది. తన వెనకే మిగతావాళ్లూ, ఒక్కొక్కరే. పదకొండు చెంచాలు. నేను టీ కుండ పట్టుకుని నిలబడే ఉన్నాను."

గేషె ఉండేది రెండిళ్ల అవతల. ఈ ముప్ఫై ఏడేళ్లలో కంచె మీదుగా ఒక్క పలకరింపు తప్ప వాళ్ల మధ్య మాట లేదు. వాళ్ల తత్వమే అంతనుకుంది ఇమ్కె ఇన్నాళ్లూ. తాను గుండెలో దాచుకున్న గంటల మోత తల్లికి ఏ మోతో తెలిసేసరికి ఆమెకు కళ్ల నీళ్లు ఆగలేదు. తన కప్పులోంచి చెంచా తీసి, తుడిచి, సాసరులో పెట్టింది.

"పొయ్యమ్మా," అంది.

మధ్యాహ్నం ఇమ్కె వెళ్లి పిలిస్తే గేషె వచ్చింది, కోటు విప్పకుండా గుమ్మంలో నిలబడింది.

"ఏం అమ్ముతున్నారు?"

"ఏమీ లేదత్తా. ఏ కంపెనీ మంచిదో చెప్తావని పిలిచాను."

గేషె కూర్చుని కొవ్వొత్తుల పుస్తకం వాసన చూసి మొహం చిట్లించింది. బల్లగుడ్డల పుస్తకం తెరవనైనా లేదు. డబ్బాల పుస్తకంలో మాత్రం గిన్నెల పేజీ దగ్గర వేలు ఆగింది.

"వీళ్లు మూతలు విడిగా ఇస్తారా?"

"ఇస్తారు. దేనికి?"

"మీ అమ్మ దగ్గర కొన్న ఆకుపచ్చ గిన్నె ఇంకా ఉంది. మూతే పోయింది."

టీ కుండ పట్టుకున్న ఫెన్నా ఆమె వైపు తిరిగింది. "ఇంకా వాడుతున్నావా?"

"గిన్నె ఏం తప్పు చేసింది?"

"తప్పు నాది గేషె. ఆ రోజు."

"తెలుసు. టీ చల్లారిపోతోంది, కప్పులో పొయ్యి."

మొదటి కప్పు గేషె కోటుతోనే తాగింది. రెండో కప్పుకి విప్పేసింది. ఇమ్కె డబ్బాల కంపెనీ కాగితం దగ్గరికి లాక్కుని, మనుషుల్ని చేర్పించాలన్న మాట ఎక్కడా లేదని మరోసారి చూసుకుని, సంతకం పెట్టింది. మొదటి ఆర్డరు ఒక ఆకుపచ్చ మూత.

మూడో కప్పు అయింది. గేషె చెయ్యి చెంచా వైపు వెళ్లడం తల్లీకూతుళ్లిద్దరూ చూశారు. చెయ్యి చెంచాను దాటి కప్పు పట్టుకుంది. కప్పును ఫెన్నా వైపు జరిపి, "ఈసారి మీగడ కాస్త ఎక్కువ వెయ్యి," అంది గేషె.