కారు వద్దన్న పిల్ల

బట్టలు ఆరేసే తీగకి ఎవరో టెంటు కట్టేశారు.

కేదార్ తడిబట్టల బకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మధురానగర్‌లో ఆ మూడంతస్తుల ఇంటి డాబా మీద ఒంటిగది అతనిది. గదితో పాటు తీగ కూడా తనదేనన్న నమ్మకంతో ఆర్నెల్లుగా బతుకుతున్నాడు.

"లోపల ఎవరండీ?"

నీలం గుడ్డలోంచి ఒక తల బయటికొచ్చింది. ఓనరు రాజనర్సయ్య గారి అమ్మాయి మానస.

"ఏంది?"

"ఇది నా తీగండి."

"డాబా మాది."

"అద్దె కడుతున్నానండి."

"గదికి కడుతున్నరు. ఆకాశానికి కాదు గదా."

అంతలో చినుకులు పడ్డాయి. గాలి ఒక్క తోపు తోసేసరికి టెంటు కూలి ఆమె మీదే పడింది. లోపలినుంచి తిట్లు వినిపించాయి, అతన్ని కాదు, టెంటుని. కేదార్ బకెట్ కింద పెట్టి, తాళ్ళు విప్పి, పిట్టగోడ ఊచలకి మళ్ళీ బిగించి కట్టాడు. టెంటు నిటారుగా లేచింది.

మానస ఆ ముడిని లాగి చూసింది. రాలేదు.

"ఎక్కడ నేర్చుకున్నరు?"

"పడవ కట్టే ముడండి. మా ఊళ్ళో పిల్లలందరికీ వచ్చు. మాది లంక. గోదావరి మధ్యలో ఉంటుంది."

"అంటే దీవి!"

"లంకేనండి. వర్షాకాలం బడికెళ్ళాలంటే ప్రాణం మీదికొచ్చేది."

ఆమె అతన్ని అంతవరకూ ఎవరూ చూడనంత గౌరవంగా చూసింది. కేదార్‌కి నవ్వొచ్చింది, కొంచెం సిగ్గేసింది కూడా. ఊళ్ళో పడవ తప్పించుకోవాలనే అమీర్‌పేటలో కోర్సు చేసి, పంజాగుట్టలో ఉద్యోగం వెతుక్కున్నాడతను.

తర్వాత సాయంత్రాల్లో ఆ టెంటు సంగతి తెలిసింది. మానసకి అండమాన్ వెళ్ళాలని ఉంది. ఒక దీవి నుంచి ఇంకో దీవికి అందరూ ఎక్కే పడవల్లో వెళ్ళాలి, ఇసకలో పడుకోవాలి. కానీ ఓడ టికెట్ల ధర చూసి ఆ కోరిక మడిచి పెట్టేసింది. టెంటు మాత్రం ఆఫీసులో ఎవరినో అడిగి తెచ్చుకుంది.

"మీ నాన్నగారికి అన్ని బండ్లున్నాయి కదండీ. ఎక్కడికైనా హాయిగా వెళ్ళొచ్చు."

అది అనకుండా ఉండాల్సింది. రాజనర్సయ్య సాఫ్ట్‌వేర్ కంపెనీలకి క్వాలిస్‌లు, సుమోలు తిప్పుతాడు.

"అదే కదా నా బాధ," అంది మానస. "బడికి మా బండి. కాలేజీకి మా బండి. ఇప్పుడు ఆఫీస్ క్యాబ్ సుత మాదే, డ్రైవర్ మొగిలయ్య నాయినకు రోజూ రిపోర్ట్ ఇస్తడు. నా అంతట నేను ఒక్క ఊరు పోలేదు తెలుసా? అడ్రస్ అడుగుడు సుత రాదు నాకు."

కేదార్ చెప్పాడు. "దీవులే కావాలంటే మా గోదాట్లో ఉన్నాయండి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి దాకా, అక్కణ్ణుంచి ఆర్టీసీ బస్సు, ఆ పైన పడవలు. డిసెంబర్‌లో ఇసకతిన్నెలు తేల్తాయి. కారు ఎక్కాలన్నా ఎక్కలేరు, దారే ఉండదు."

మానస మొహం వెలిగింది. "ఒక్క మాట. మీవాళ్ళెవ్వరికీ చెప్పొద్దు. ఎవ్వరూ నన్ను చూసుకోవద్దు. ప్రామిస్?"

"ప్రామిసండి."

ఇంట్లో యుద్ధం జరిగింది. బండీ, మొగిలయ్యా లేకుండా కదలడానికి వీల్లేదన్నాడు రాజనర్సయ్య. తల్లి మంగవ్వ చివరికి అంది, "పోనియ్యరాదు. రేపు అత్తగారింటికి సుత మొగిలయ్యను పంపుతవా?" ఆఫీసులో స్నేహితురాలు రవళిని వెంటబెట్టుకుని మానస గౌతమి ఎక్కింది.

రెండోరోజు ఆఫీసులో కేదార్ ఫోన్ మోగింది.

"కేదార్ గారూ, సూర్యనారాయణ గారు మీకేమైతరు?"

"బాబాయండి."

"రేవుల దిగంగనే ఎదురొచ్చిండు. ఇసకల పండుకుంటమంటే ఆయనకు కళ్ళెంబడి నీళ్ళొచ్చినయ్. వాళ్ళ మంచమే మాకిచ్చిండు."

వెనకనుంచి ఎవరో, "ఇంకొక్క గారె వెయ్యమంటావా అమ్మా?" అంటున్నారు.

మర్నాడు మళ్ళీ ఫోన్.

"బుల్లబ్బాయి గారు?"

"మా... మావయ్యండి."

"అవతలి లంకల పడవ దగ్గర చెయ్యి పట్టుకున్నడు. టెంటు చూసి, దీన్ని కోళ్ళ మీద కప్పుకుంటమని అడుగుతుండు." ఆ తర్వాత ఆమె గొంతులో నవ్వు పోయింది. "ఎవ్వరికీ చెప్పనన్నవ్ కదా?"

"అమ్మకి ఒక్క మాటేనండి. ఇద్దరమ్మాయిలు మనవైపు వస్తున్నారు, కాస్త కనిపెట్టుకుని ఉండమని... భయమేసి..."

నిజంగా ఒక్క మాటే. కానీ లంకలో ఒక మాట ఈ గట్టున పడితే చాలు, పడవతో పాటు అన్ని రేవులకీ వెళ్ళిపోతుంది. అక్కడ పుట్టినవాడై ఉండి అతనికది గుర్తు రాలేదు.

"మా నాయిన కార్లు పంపుతడు. నువ్వు చుట్టాలను పంపినవ్," అంది మానస. "ఫరక్ ఏముంది?"

ఫోన్ పెట్టేసింది.

ఆమె తనని 'నువ్వు' అన్నదని అతను అప్పుడు గమనించలేదు. గమనించినా సంతోషించే స్థితిలో లేడు. వెంటనే ఊరికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇంకెవర్నీ పంపకు. ఆ అమ్మాయి జోలికి ఎవరూ వెళ్ళొద్దు. నువ్వూ వెళ్ళకు."

"చలిలో ఆడపిల్లల్ని ఏట్లో వదిలేస్తామేంట్రా?" అంది జానకీదేవి.

"వదిలెయ్యి. తనకి అదే కావాలి."

"ఆ అమ్మాయికి ఏం కావాలో నీకింత బాగా తెలుసా?"

"తెలిసి కూడా తప్పు చేశానమ్మా."

"సరేలే," అంది జానకీదేవి, మెత్తగా.

ఆ తర్వాత ఫోన్ రాలేదు. కేదార్ చెయ్యలేదు. చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళినప్పుడల్లా వెనక్కి తీసుకున్నాడు. ఆమె తిరిగొచ్చే ఉదయం సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్ళాలని తలుపు దాకా వచ్చి, చెప్పులు విప్పేసి, మామూలు టైముకి ఆఫీసుకే వెళ్ళాడు. వెళ్ళకపోవడం ఇంత కష్టమైన పనని అతనికి అంతకుముందు తెలీదు.

పదకొండింటికి వాచ్‌మన్ పైకొచ్చి, కింద ఎవరో అమ్మాయి ఉందన్నాడు.

మానస ఆఫీసు కిందున్న ఇరానీ హోటల్ అరుగు పక్కన నిలబడి ఉంది. మొహం ఎండకి కమిలింది. జడలో ఇంకా ఇసక ఉంది.

"స్టేషన్‌కు రాలేదేం?"

"రావద్దంటావని."

"వస్తవేమోనని చూసిన," అంది. వెంటనే, "రానందుకు మంచిగనిపించింది," అని కూడా అంది. "ఎవరినీ అడగకుండ ఇక్కడిదాంక సిటీ బస్సుల వచ్చిన. కాదు కాదు, నలుగురిని అడిగిన. అడుగుడు వచ్చింది నాకు."

"టెంటు?"

"మూడో లంకల ఎవ్వరూ రాలే. ఇసకల మేకులు నిలవలే. సంచులల్ల ఇసక నింపి, వాటికి తాళ్ళు కట్టి, గుంట తీసి పాతిపెట్టినం. రాత్రంత గాలి. కదల్లే." ఆమె కళ్ళు మెరిశాయి. "పొద్దున లేచి చూస్తే చుట్టూ నీళ్ళు, మంచు, ఒక్క మనిషి లేడు. మస్తు ఏడ్చిన. ఎందుకో తెల్వదు."

అతనికి ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది. బదులుగా, హోటల్ కుర్రాడు తెచ్చి అరుగు మీద పెట్టిన టీ గ్లాసు పట్టుకున్నాడు.

"సారీ మానసా. నీమీద నమ్మకం లేక కాదు, నాకు ధైర్యం లేక చెప్పాను అమ్మకి."

"తెలుసు. ఆఖరి రోజు మీ ఇంటికి పోయిన."

గ్లాసులో టీ తొణికింది. "ఎవరు తీసుకెళ్ళారు?"

"ఎవరు తీస్కపోతరు? పడవాయనను అడిగిన, గట్టు మీద ఒకామెను అడిగిన, పోయి తలుపు కొట్టిన. మీ అమ్మగారు ఎవరమ్మా నువ్వు అన్నది, ఏమీ తెల్వనట్టు. కేదార్ ఉండే ఇంటి ఓనర్ బిడ్డనన్న. అంతేనా అన్నది."

"నువ్వేమన్నావ్?"

"మంచినీళ్ళు అడిగిన. నీ జవాబు సుత నేను చెప్తనా?"

ఎదురుగా పంజాగుట్ట చౌరస్తా హారన్లతో మోగిపోతోంది. కేదార్ ఆ గోలలోనే చెప్పాడు. "అంతే కాదు. తీగకి టెంటు కట్టిన రోజు నుంచీ అంతే కాదు. నువ్వు ఎక్కడికి వెళ్ళినా ఆపను, ముందు మనుషుల్ని పంపను. తిరిగొచ్చేది మాత్రం నా దగ్గరికి రావాలి."

మానస చెవులు ఎర్రబడ్డాయి.

"వచ్చిన కదా," అంది చిన్నగా. "గౌతమి దిగి ఇంటికి సుత పోకుండ ఎక్కడికొచ్చిన?"

అప్పుడు గుర్తొచ్చినట్టు రోడ్డు అవతలికి చూపించింది. అక్కడ తెల్ల క్వాలిస్ ఒకటి ఆగి ఉంది. డ్రైవర్ సీట్లో రాజనర్సయ్య పేపర్ చదువుతున్నాడు.

"స్టేషన్‌కు బండి తెచ్చిండు. బ్యాగులు బండ్లె ఏసి నేను బస్సెక్కిన. బస్సు వెనకాలె వచ్చిండు, ప్రతి స్టాప్‌ల ఆగుకుంట." ఆమె గొంతు మెత్తబడింది. "పద, చెప్దాం."

"ఇప్పుడా?"

"రోడ్డు దాటుడే కదా."

పంజాగుట్టలో రోడ్డు దాటడం చిన్న పనేమీ కాదు. ఇద్దరూ దాటి వచ్చేసరికి రాజనర్సయ్య పేపర్ మడిచి పక్కన పెట్టాడు. ఎండకి కమిలిన కూతురి మొహం చూశాడు. కేదార్ చొక్కా మీద తొణికిన టీ చూశాడు. ఆమె ఏదో మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపి, కేదార్‌నే అడిగాడు.

"పడవ నడుపుడు వస్తదా?"

"వచ్చండి."

"కారు?"

"రాదండి."

రాజనర్సయ్య తలుపు తీసి కిందికి దిగాడు. డ్రైవర్ సీటు వైపు చెయ్యి చూపించాడు.

"ఆదివారం పొద్దుగాల రా, నేర్పిస్త. బిడ్డ నువ్వు తోలే బండి ఎక్కుతదో లేదో, అది మీ ఇద్దరి లొల్లి."